ఇసుకపిట్టకు 61 దినములు

చైత్రమాసపు కడపటి దినములలో గోదావరి తన విశాలగర్భమునంతయు ఎండకు విడిచి, ఒక దరికి ఒదిగి, సన్నని పాయగా ప్రవహించుచుండగా, ఆ పాయను దాటి నడుమ నున్న ఇసుకతిప్పపై నేను కాలు మోపిన యుదయమున, పడవ నడుపు వృద్ధుడు చెప్పిన మాట నా కిప్పటికిని చెవులలో నున్నది: "కాలు సూసి ఎయ్యండి బాబూ, ఇక్కడ పిట్ట గుడ్లు ఎట్టుకుంటాది." నేను చూచితిని. ఎంత చూచినను ఇసుకయు, గులకరాళ్ళును, ఎండిన నాచును, ఒకటి రెండు ఆల్చిప్పలును తప్ప నాకు మరేమియు కానరాలేదు. అతడు వంగి, నా పాదమునకు రెండు జేనల దూరమున వ్రేలు చూపిన పిమ్మట, అంతవరకు గులకరాళ్ళై యున్నవి నాలుగు గుడ్లైనవి.

గూడన్న పేరే గాని అందు పుల్ల లేదు, పీచు లేదు. రొమ్ముతో ఇసుకను ఒరసి చేసికొన్న చిన్న గుంట మాత్రమే. సన్నని మొనలు నాలుగును నడిమికి చేరి, లావు కొనలు వెలుపలికి తిరిగి, నాలుగు రేకుల పువ్వువలె అమరిన ఆ గుడ్ల వన్నె ఆ తిప్ప వన్నెయే. వానిపై చిలికిన చుక్కలు ఆ తిప్పమీది రాళ్ళ మచ్చలే. అంతలో ముప్పది గజముల దూరమున చిన్న పిట్ట యొకటి, రెక్కను నేలపై ఈడ్చుచు, తోకను విప్పి పరచి, పడుచు లేచుచు, ప్రాణము మీదికి వచ్చినదానివలె మా యెదుట పరుగిడజొచ్చెను. దాని రెక్కకు ఏమియు కాలేదు. గుడ్లనుండి మా దృష్టిని మరల్చుటకై ఆ తల్లియో తండ్రియో తనను తానే ఎరగా చూపుచుండెను. మేము నాలుగడుగులు దానివైపు వేసి గూటికి తగినంత దూరమైన వెంటనే, ఆ విరిగిన రెక్కయే చక్కగా విచ్చుకొని, 'పియూ' అని దిగుస్వరమున కూయుచు, పిట్ట నీటిమీదుగా ఎగిరిపోయెను.

ఆంగ్లేయులు దానిని లిటిల్ రింగ్డ్ ప్లవర్ అందురు. నే నీ వ్యాసమున ఇసుకపిట్ట యందును. దాని జన్మము ఇసుకలో, జీవనము ఇసుకపై, మృత్యువును ఇప్పుడు తరచుగా ఇసుక కారణముననే గనుక ఆ పేరు దానికి చెల్లును. కొలతకు ఆరంగుళములు, బరువునకు పెద్ద నిమ్మకాయ. వీపు తడియారిన ఇసుక రంగు, పొట్ట తెలుపు, కంఠమున ఒక నల్లని పట్టెడ, నుదుట ఒక నల్లని పట్టీ, కంటి చుట్టును పసుపు దిద్దినట్లు ఒక బంగారువలయము. ఈ వలయమే దానిని దాని దాయాదులనుండి వేరుగా గుర్తించుటకు మొదటి ఆధారము. 1786లో స్కోపోలి యను శాస్త్రజ్ఞుడు, సోనరా అను ఫ్రెంచి యాత్రికుడు లూజాన్ ద్వీపమునుండి వర్ణించి తెచ్చిన పక్షిని పట్టి దీనికి కరాడ్రియస్ డ్యూబియస్ అను నామము నొసగెను. డ్యూబియస్ అనగా సందిగ్ధము. ఇది వేరు జాతియా, లేక దీనికంటె పెద్దదైన మరియొక పట్టెడపిట్టకు రూపాంతరమా యను శంక ఆనాటివారికి కలిగియుండుటచే ఆ పేరు వచ్చినది. శంక తీరినది గాని పేరు మిగిలినది.

మన దేశమున ఏటిపొడుగునను కాపురముండి గుడ్లు పెట్టు ఉపజాతికి మాత్రము పేరు మన ప్రాంతముతో ముడివడియున్నది. లెగ్ అను పక్షిశాస్త్రవేత్త 1880లో దానికి జెర్డోని యని పేరిడెను. జెర్డన్ మద్రాసు వైద్యశాఖలో పనిచేసి, కొంతకాలము నెల్లూరున వైద్యాధికారియై యుండి, 1862 మొదలు 1864 వరకు భారతపక్షులను గూర్చిన మహాగ్రంథమును వెలువరించి, పక్షులకు తెలుగువారు వాడు పేర్లను గూడ అందు శ్రద్ధతో చేర్చిన మహనీయుడు. శీతకాలమున ఈ స్వదేశపు పిట్టల పక్కకే, ఉత్తరమున ఐరోపా ఆసియా ఖండముల చల్లని ఏటిగట్లపై వేసవి గడపిన మరియొక ఉపజాతి వలసవచ్చి చేరును. మాఘమాసమున చెరువు అంచున మేయు పది పిట్టలలో ఏది చుట్టమో ఏది ఇంటిదో చెప్పుట నిపుణులకును కష్టము. ఫాల్గుణము దాటునప్పటికి చుట్టములు తిరుగుప్రయాణమునకు సిద్ధపడును. ఇంటివి గుంట త్రవ్వుటకు మొదలిడును. నా మాట యంతయు ఈ ఇంటివానిని గూర్చియే.

మన బాల్యమునుండియు ఎరిగిన తీతువు ఈ పిట్టకు ఒకే కుటుంబపు పెద్దబంధువు. సంస్కృతమున దానిని టిట్టిభ మందురు. పంచతంత్రమున సముద్రపుటొడ్డున గుడ్లు పెట్టిన టిట్టిభదంపతుల కథ చదువని తెలుగుబిడ్డ ఒకనాడు లేడు: ఇచ్చట వలదని ఆడుపక్షి బెదరుట, సముద్రము నన్నేమి చేయునని మగపక్షి బింకము పలుకుట, సముద్రము గుడ్లను హరించుట, పక్షులన్నియు కూడి గరుత్మంతునకు మొరపెట్టుకొనుట, గరుత్మంతుడు విష్ణువునకు విన్నవించుట, తుదకు సముద్రము భయపడి గుడ్లను మరల నిచ్చుట. ఆ కథకుడు నీతిని బోధించుటకే కథ చెప్పినాడు గాని, నీటియంచున నేలపై బహిరంగముగా గుడ్లు పెట్టు పక్షి కెదురగు అపాయమును కన్నులార చూచి చెప్పినాడని నా నమ్మకము.

ఈ పిట్ట తన గూటిని అట్లు బట్టబయలున ఏల పెట్టునన్న ప్రశ్నకు సమాధానము దాని కన్నులలో నున్నది. బురదలో ముక్కు దించి తడవి మేయు ఉల్లంకుల వంటిది కాదిది. పెద్దకన్నులతో చూచి, నాలుగడుగులు చురుకుగా పరుగెత్తి, ఠక్కున నిలిచి, మరల చూచి, చిన్న పురుగును ఒక్కపోటున పట్టుకొనును. తడియిసుకపై ఒక కాలితో తట్టుచు, ఆ అదురుకు కదలిన పురుగును పసిగట్టుటయు దానికి తెలియును. చూపే జీవనాధారమైన పిట్టకు చాటు శత్రుపక్షము. పొదలేని చోట, గడ్డిలేని చోట, నక్కయు, కుక్కయు, కాకియు దూరమునుండియే కానవచ్చు చోట దానికి ధైర్యము. కావుననే మగపిట్ట వసంతమున సీతాకోకచిలుకవలె మెల్లమెల్లగా రెక్కలాడించుచు తిప్పపై తిరిగి, నాలుగైదు తావుల గుంటలు చేసి చూపగా, ఆడుపిట్ట వానిలో ఒకదానిని ఎన్నుకొనును. తరువాత సుమారు ఇరువదియైదు దినములు ఇరువురును వంతులవారీగా పొదుగుదురు.

పొదుగుట యన్న మాటను ఇచ్చట కొంచెము నిలిచి విచారింపవలెను. చల్లని దేశములలో పొదుగుట యనగా గుడ్డుకు వెచ్చదన మిచ్చుట. మన వైశాఖపు మధ్యాహ్నమున, పాదము మోపరాని ఇసుకలో, పొదుగుట యనగా గుడ్డుకు నీడ యిచ్చుట. తల్లి గుడ్లపై కూర్చుండక, కాళ్ళపై లేచి, రెక్కలు కొంచెము విప్పి, నోరు తెరచి రొప్పుచు, తన దేహపు నీడను ఆ నాలుగు గుడ్లపై నిలుపును. తీతువు మొదలైన ఈ కుటుంబపు పక్షులు పొట్టయీకలను నీట తడిపికొని వచ్చి గుడ్లను చల్లబరచుటయు పరిశీలకులు చూచి వ్రాసియున్నారు. ఈ కారణముచేత గుడ్లను త్రొక్కి చంపనక్కరలేదు. మిట్టమధ్యాహ్నమున ఆ తల్లిని గూటికి రానీయక, తెలిసియో తెలియకయో, కొంతసేపు మనము అక్కడ నిలిచియున్న చాలును. లోపలి పిల్లను ఎండయే చంపును. నదిలో ఇసుక తోలు లారీ గూటిమీదికి ఎక్కలేదు గదా యని చెప్పువారు ఈ సంగతిని గమనింపవలెను.

పిల్లలు పొట్టు వీడిన కొన్ని గంటలకే లేచి నడచును. తల్లి నోటి కందించు మేత వానికి లేదు. పుట్టిననాటనుండియే తమ మేతను తామే వెదకుకొనవలెను. తల్లిదండ్రులు చేయునది కావలియు, రాత్రి చలికిని పగటి యెండకును రెక్క క్రింద చోటిచ్చుటయు మాత్రమే. అపాయము వచ్చినప్పుడు తల్లి ఒక కూత వేయును. ఆ కూత వినగానే పిల్ల ఎక్కడున్నదక్కడ నేలకు అంటుకొని, మెడ చాచి, కదలక, తానును ఒక గులకరాయియై పోవును. డేగను వంచుటకు యుగయుగములుగా అభ్యసించిన విద్య అది. చక్రమునకు ఆ విద్యతో పనిలేదు. ఎగురుటకు రెక్కలు వచ్చునంతవరకు, అనగా మరియొక ఇరువదియైదు దినములో కొంచెము హెచ్చుగానో, ఆ పిల్లలకు తెలిసిన రక్షణ ఇది యొక్కటే.

ఈ గూటికి నేల నమర్చునది నది. శ్రావణ భాద్రపదములలో ఎర్రనీరు పొంగి, తిప్పలను ముంచి, మొలచిన తుంగను రెల్లును పెరికి, ఎలుక కలుగులను పూడ్చి, క్రొత్త ఇసుకను మేటవేసి, కార్తికమున వెనుదిరుగునప్పుడు పలకవలె తుడిచిన నేలను విడిచిపోవును. వరద రాని యేట తిప్ప పొదలు పట్టును. పొదలు పట్టిన తిప్పపై ఇసుకపిట్ట గుడ్లు పెట్టదు. గోదావరి 1465 కిలోమీటర్లు, కృష్ణ 1400 కిలోమీటర్లు ప్రవహించి సముద్రము చేరులోపల ఎన్ని ఆనకట్టల వెనుక ఒండ్రునిసుకను దింపుకొని వచ్చుచున్నవో లెక్కించినవారికి, క్రొత్త ఇసుక దిగువకు దిగుట తగ్గినదని వేరుగా చెప్పనక్కరలేదు. మిగిలిన పాత ఇసుకనే మనమును, పిట్టయును, నీటిని తన పొరలలో దాచి బావులకు ఊట నిచ్చు నదియును పంచుకొనవలసియున్నది.

నదిగర్భమున మనుష్యసంచారము క్రొత్త కాదు. ఎండకాలమున పెన్నలో, మంజీరలో దోసపాదులు, పుచ్చపాదులు పెట్టువారు తరతరములుగా ఉన్నారు. ఎడ్లబండ్లపై ఇసుక తోలుకొని యిల్లు కట్టుకొన్నవారు ఉన్నారు. పశువులను నీటికి తోలువారు ఉన్నారు. ఈ సంచారము నడుమ ఇసుకపిట్ట గుడ్లు పెట్టి పిల్లలను పెంచుకొన్నది. బండివాడు ఉదయము వచ్చి ఎండ ముదరకముందే పోవును. పాదు కాపలాదారు తన పందిరి క్రింద కూర్చుండును. నదిలో మిగిలిన క్రోసెడు నేల పిట్టదే. పొక్లెయిను దిగిన ర్యాంపులో అట్లు మిగులు నేల లేదు. లారీలకు బాట పరచుటకై తిప్పకు తిప్పకు నడుమ పాయను పూడ్చునప్పుడు, నీరే కందకమై కాపాడిన దీవి ఒడ్డుతో కలిసిపోవును; ఆ రాత్రియే ఊరకుక్కలు ఆ బాటన నడచి వచ్చును. యంత్రము ముట్టని గూళ్ళు గూడ ఇట్లు పోవును.

నది ఇసుక త్రవ్వకమునకు నియమములు లేవని నే ననను. చిన్నవిస్తీర్ణపు గనులకు సైతము పర్యావరణానుమతి కావలెనని సర్వోన్నత న్యాయస్థానము 2012లో ఆదేశించెను. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2016లోను 2020లోను మార్గదర్శకములను ప్రకటించెను. వర్షఋతువున నదీగర్భమును త్రవ్వరాదని వానిలో స్పష్టముగా నున్నది. నా ఫిర్యాదు ఆ నియమము తప్పని కాదు. ఆ కాలనియమమునకు వర్షమొక్కటే ప్రమాణమైనదని. వానకాలమున నది తనను తానే కాపాడుకొనుచు తిప్పలను నీట దాచుకొనియుండును. అప్పుడు అక్కడ గూడు లేదు, గుడ్డు లేదు. పైగా ఆ నిషేధము రాకముందే నిల్వలు పోగుచేసికొనవలెనను తొందరచే, త్రవ్వకము అత్యంత తీవ్రమగు మాసములు చైత్రవైశాఖములే. నదిలో జన్మించు పక్షులకు పురిటినెలలును అవియే.

వేసవిని ప్రమాణముగా గొన్న నియమము మనకు మరియొకచోట నున్నది. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపు పడవలతో వేట నిషేధము. చేపలు గుడ్లు పెట్టు కాలమున వల వేసినచో మరుసటి యేట వలకు చేపయుండదని ఎరిగి చేసిన ఏర్పాటది. ఆ దినములకు మత్స్యకారకుటుంబములకు ప్రభుత్వము భృతి నిచ్చుచున్నది. విశాఖ రేవున, కాకినాడ రేవున పడవలు వరుసగా నిలిచిపోవుట మన కంటికి అలవాటైన దృశ్యము. ఇప్పుడు ఇసుకపిట్ట లెక్క చూడుడు. నాలుగు గుడ్లు పెట్టుటకు వారము, పొదుగుటకు ఇరువదియైదు దినములు, పిల్ల ఎగురుటకు ఇరువదియైదు మొదలు ముప్పది దినములు: ఒక సంసారము మొదలై ముగియుటకు రెండు నెలలు చాలును. సముద్రమున మనము ఇచ్చుచున్న విరామమంత విరామమే నదికిని చాలును. మార్చి నడుమ మొదలిడి మే నడిమికి ముగించినచో జాతిలో అధికభాగము గట్టెక్కును.

వేట యన్న మాటను గూర్చి మరియొక సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిర్వచించునప్పుడు పక్షిని చంపుట, పట్టుట మాత్రమే గాక, అడవిపక్షి గుడ్లను పాడుచేయుటను, గుడ్లను గూళ్ళను కలతపెట్టుటను గూడ ఆ మాటలోనే చేర్చినది. తుపాకి పట్టి నదిలో దిగినవానిని మనము వేటగాడని ఎరుగుదుము. గూళ్ళున్న తిప్పపై చక్రము నడపుట కూడ ఆ నిర్వచనమునకు లోబడవలసినదే యని నా యభిప్రాయము; చట్టములో ఉన్న యక్షరము ఇసుకలోనికి ఇంకను దిగలేదు.

ఇంత చిన్నపిట్టకై ఇంత గొడవ యేల యని అడుగువా రుందురు, అది న్యాయమైన ప్రశ్నయే. ఇసుకపిట్ట అంతరించుచున్న జాతి కాదు. అంతర్జాతీయ పట్టికలో దానికి ఆందోళన లేని స్థానమే ఉన్నది. నే నీ సంగతిని దాచదలచలేదు. కాని అదే తిప్పపై, అవే నెలలలో, అట్టి గుంటలలోనే గుడ్లు పెట్టు నల్లపొట్ట రేవుపిట్ట అంతరించు ప్రమాదమున నున్నది. కాకినాడ వద్ద గోదావరి మొగను శీతకాలమున గుంపులుగా కానవచ్చు నారింజవన్నె ముక్కు గల ఇండియన్ స్కిమ్మరును అట్టిదే. అది మహానదిలో, చంబలులో ఇట్టి తిప్పలపైననే పిల్లలను లేపును. ఆ రెండును అరుదు గనుక వానిని వెదకి కాపాడుట కష్టము. ఇసుకపిట్ట సామాన్యము గనుక దానిని ఎవరైనను చూడగలరు. అది గుడ్లు పెట్టిన తిప్ప తక్కినవానికిని యోగ్యమైన తిప్ప.

ఇల్లు కట్టుకొనువారి మాటయు నేను మరువలేదు. ఇసుక దొరకని నాడు తాపీపనివారి యిండ్లలో పొయ్యి వెలుగదు. నదులన్నిటిని ముట్టరాదని కోరువాడు ఆ యిండ్లకు ఏమి సమాధానము చెప్పును? నేను అట్లు కోరుటలేదు. ఇంగ్లండు దేశమున ఈ పిట్టకు జరిగిన కథ నాకు ధైర్యమిచ్చుచున్నది. ఆ దేశమున ఇది గూడు పెట్టినట్లు మొదట 1938లో, ట్రింగ్ అను చోట నీరు తగ్గిన జలాశయపు అడుగున కనుగొనిరి. యుద్ధానంతరము ఇండ్లును బాటలును కట్టుటకై అక్కడివారు విరివిగా కంకర త్రవ్వగా, త్రవ్వి విడిచిన ఆ గోతుల అంచులే దీనికి తిప్పలైనవి. ఒక జంటతో మొదలైన కాపురము వందల జంటలైనది. కెన్నెత్ ఆల్సప్ అను రచయిత 1949లో ఆ రాకడను గూర్చియే నవల వ్రాసెను. త్రవ్వుటయే పిట్టకు శత్రువైనచో ఈ కథ జరిగియుండదు. అక్కడ త్రవ్విన చోటు కొంతకాలము ఎవరును ముట్టక విడువబడినది. ఇక్కడ త్రవ్విన చోటనే నీరూరువరకు మరల మరల త్రవ్వుచున్నారు. వ్యత్యాస మది.

కావున నా కోరిక చిన్నది. ఇసుక రీచ్ లను నిర్ణయించుటకు ప్రతి జిల్లాకును ఒక సర్వే నివేదిక నెట్లును తయారుచేయుచున్నారు. దానిలో ఎంత ఇసుకయున్నదో వ్రాయు పట్టికప్రక్క, ఏ తిప్పపై వేసవిలో పక్షులు గూడు పెట్టినవో వ్రాయుటకు ఒక గడి చేర్చవలెను. అట్టి తిప్ప నదిలో పదింట ఒకటి రెండే ఉండును. నాలుగు దిక్కుల నీరుండి, పొద లేక, గులకరాళ్ళు కలసిన ఎత్తైన తిప్ప. ఆ రెండు నెలలు దానిని విడిచి, ఒడ్డు నంటిన మేటలలో, కాలువల పూడికలో త్రవ్వుకొన్నచో ఏ మేస్త్రి పనియు నిలువదు. పాయలను పూడ్చి దీవిని ఒడ్డుతో కలుపు బాటను ఆ దినములలో ఎవరికిని అనుమతింపరాదు. ఎగువ జలాశయమునుండి వేసవిలో నీరు విడువవలసివచ్చినచో ఒక్కసారిగా గాక మెల్లగా విడువవలెను. గుడ్డుకు కాళ్ళు లేవు గాని, పుట్టిన పిల్ల నీరు మెల్లగా ఎక్కినచో మెరకకు నడువగలదు.

గూళ్ళను గుర్తించుటకు వెళ్ళువారికి ఒక హెచ్చరిక. ఉత్సాహముతో గూటి ప్రక్కనే జెండా పాతరాదు. చుట్టును రాళ్ళు పేర్చరాదు. కాకి సూక్ష్మగ్రాహి, రెండు జెండాల క్రింద రెండు సారులు గుడ్లు దొరికినచో మూడవ జెండాను అదియే వెదకికొనును. మనిషి అడుగుల వాసన పట్టి నక్కయు వచ్చును. ఎండ ముదరకముందు వెళ్ళి, క్షణములో చూచి, వేరొక త్రోవన మరలిరావలెను. ఆనాడు గోదావరిలో నన్ను దింపిన వృద్ధుడు ఈ పని ఎవరును నేర్పకయే చేసెను: గూటికి ఇరువది అడుగుల దూరమున, రేవునుండి వచ్చు కాలిబాట ప్రక్కను ఒక ఎండురెల్లు కాడను గ్రుచ్చి, పడవను నీటిలోనికి త్రోసికొని, మరుసటి దినమునుండి వచ్చువారిని తిప్ప రెండవ కొనను దింపసాగెను.